ఏడో నంబరు ఎద్దు

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథ పూర్తయ్యేసరికి ఒక మిరప కల్లం నాశనమవుతుంది, ఒక వీధి వీధంతా పొద్దుగూకే దాకా తుమ్ముతుంది, కృత్రిమ మేధ మీద మా ఊళ్లో ఉన్న గౌరవం పోతుంది. ఈ మూడింటికీ కారణం కంప్యూటరేనని నేను చాలాకాలం అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. అది నోరులేనిది కాబట్టి ఎదురు చెప్పలేదు. కారణం నేను.

నాలుగైదేళ్ల కిందటి మాట. అప్పుడు హైదరాబాదులో పశువుల జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నా పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను, భయపడకండి. ఒక పశువు గురించి మనకు రకరకాల సమాచారం వస్తుంది. దాని వెంట్రుక పరీక్షిస్తే వంశం తెలుస్తుంది. పేడ పరీక్షిస్తే కడుపులో ఏయే సూక్ష్మజీవులు కాపురం ఉంటున్నాయో తెలుస్తుంది. మెడకు ఒక పట్టీ కడితే అది ఎప్పుడు నడిచిందో, ఎప్పుడు పడుకుందో, ఎప్పుడు నెమరు వేసిందో పట్టీలోని సిమ్ము మనకు పంపుతుంది. చిక్కేమిటంటే, ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. వంశానిది ఒక భాష, పేడది ఒక భాష, నడకది ఇంకో భాష. మూడింటినీ ఒక పంక్తిలో కూర్చోబెట్టి, "మొత్తమ్మీద ఈ పశువు ఇలాంటిది" అని చెప్పే కంప్యూటర్ మోడల్ తయారుచేయడం నా పని. సంబంధాలు చూసే మధ్యవర్తి అబ్బాయి జాతకం, జీతం, తల్లి నోరు, మూడూ కలిపి ఒక మాట చెప్పడా? అలాంటిదే.

మా బాబాయి బండలాగుడు పందేలకు ఎద్దులను మేపేవాడు. పల్నాడులో తిరునాళ్ల అంటే ఈ పందెం ఉండాలి. రెండు ఒంగోలు ఎద్దులను ఒక కాడికి కట్టి, వెనక పెద్ద రాతిబండ తగిలిస్తారు. పెట్టిన సమయంలో ఎంత దూరం లాగితే అంత పేరు. బాబాయి ఆఖరి జతకు పెద్దోడు, చిన్నోడు అని పేర్లు. మా నాన్నది ఊళ్లు తిరిగే ఉద్యోగం కాబట్టి నేను పదో తరగతి దాకా బాబాయి ఇంట్లోనే పెరిగాను. ఆ ఎద్దుల తాతలు కూడా నాకు తెలుసు.

ఆ ఏడు వానాకాలంలో బాబాయి పోయాడు. నేను ఏడవలేదు. దినాలు కాగానే హైదరాబాదు వెళ్లి లెక్కల్లో కూర్చున్నాను. ఇంకొన్నాళ్లకు పెద్దోడు కడుపుబ్బి చనిపోయాడు. చిన్నోడు మేత తగ్గించాడు. ఉలవలు పెడితే వాసన చూసి తల తిప్పుకుంటున్నాడని పిన్ని ఫోన్లో చెప్పింది. ఆమె ఎలా ఉందో మాత్రం చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఇంట్లో మాటలు ఎద్దుల మీదుగానే నడుస్తాయి.

మిరపకాయలు కల్లంలో ఆరబోసే రోజుల్లో ఊరికి వెళ్లాను. పిన్ని అరుగు మీద కూర్చుని కాయలకు తొడిమలు తీస్తోంది. ఆమె కొడుకు సాంబ, నాకు తమ్ముడు, అప్పుడే లారీ దిగి వచ్చాడు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల నుంచి సున్నం తోలడం అతని పని. కనుబొమలు కూడా తెల్లగా ఉంటాయి.

"అక్కా, నువ్వయినా చెప్పు. పొలానికి ట్రాక్టరుంది. పందేలకేమో జత కావాల. ఈ ఒక్కడు ఏం చేస్తాడు? పొద్దస్తమానం అమ్మ వాడికి చాకిరీ చేస్తంది. మోకాళ్లు పోతన్నయి."

"నా మోకాళ్ల సంగతి నువ్వెత్తమాక."

"ఎత్తకపోతే ఎట్టమ్మా? నేను ఇంట్లో ఉండేది తక్కువ. నువ్వు యాడన్నా జారిపడితే చూసేదెవరు? ఉగాదిదాకా ఆగుతా. అప్పటికి జత దొరికిందా సరే. లేదా, బేరగాడికి ఫోన్ చేస్తా."

పిన్ని చేతులు ఆగిపోయాయి. ఒంటెద్దును కొనే బేరగాడు దాన్ని ఎక్కడికి తోలుకుపోతాడో మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. సాంబకూ తెలుసు. అందుకే ఆ మాట గోడ వైపు చూస్తూ అన్నాడు.

అప్పుడు నేను నోరు తెరిచాను.

"జత నేను చూస్తా."

"నువ్వా? నీకు సంబంధమే మేం చూడాల్సొచ్చె!" అన్నాడు సాంబ.

నేను మోడల్ గురించి వివరించాను. తెలుగులోనే వివరించాను. అయినా ఇద్దరూ నన్ను జ్వరమొచ్చినదాన్ని చూసినట్టు చూశారు.

"ఏమే పద్మా, మనుషులకయితే జాతకాలు చూస్తారు. ఎద్దుకు పేడ చూస్తావా?" అంది పిన్ని.

"జాతకం అబద్ధం చెప్పొచ్చు పిన్నీ. పేడ అబద్ధం చెప్పదు."

ఈ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత ధీమా ఉందో మీరు విని ఉండాల్సింది. దయచేసి ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. తర్వాత నా మీదికే వస్తుంది.

పల్నాడులో ఒంటరిగా మిగిలిన పందెపు ఎద్దులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో కనుక్కున్నాను. ఒక్కో ఇంటికీ ఒక్కో సంచీ: మెడకు పట్టీ, వెంట్రుకకు కవరు, పేడకు మూత బిగించే సీసా. అన్నింటి మీదా ఒకే నంబరు. చిన్నోడిది ఒకటో నంబరు. ఏడో నంబరు మాచవరం వీరయ్య మామది.

వీరయ్య మామ బాబాయికి ప్రాణ స్నేహితుడు. ఇద్దరూ "బావా, బావా" అనుకుంటూనే ప్రతి తిరునాళ్లలో ఒకరినొకరు ఓడించడానికి చూసేవాళ్లు. ఆయన జతలో ఒకదానికి కాలు బెణికి, అది పందేలకు పనికిరాకుండా పోయింది. నేను వెళ్లేసరికి మిగిలిన ఎద్దు కొట్టంలో గోనెపట్టాల పరదా వెనక ఉంది.

"ఎద్దును చూడొచ్చా మామా?"

"ఎందుకు చూడగూడదమ్మా? మా బావ బిడ్డవు, చూడు. చూసి మాత్రం బాగుందనమాక."

"మరి ఏమనను?"

"చిక్కిందను."

పరదా తొలగించాడు. కొండలా ఉంది. మెడలో నల్లతాడు, గవ్వలు, నిమ్మకాయ.

"చిక్కింది మామా."

"చానా చిక్కింది," అన్నాడు ఆయన తృప్తిగా, పరదా మళ్లీ వేస్తూ.

తోక కుచ్చులో వెంట్రుకలు ఎలా తీయాలో, పేడ ఏ వేళ ఎత్తాలో, పట్టీ ఎంత బిగువుగా కట్టాలో చాలాసేపు చెప్పాను. పట్టీ కదలకపోతే హైదరాబాదులో నాకు వెంటనే తెలిసిపోతుందని కూడా చెప్పాను. ఇంటికెళ్లాక పిన్నికీ ఇదే గొప్పగా చెప్పాను. వీరయ్య మామ అన్నిటికీ తల ఊపాడు.

"అట్టాగేనమ్మా. అన్నీ చేసి పంపిస్తా. నువ్వు ఎండనపడి తిరగమాక. మజ్జిగ తాగి పో."

తల ఊపినవాళ్లందరూ ఒప్పుకున్నట్టేనని నేను అప్పట్లో అనుకునేదాన్ని. 'బాగుంది' అన్న మాటకే దిష్టి తగులుతుందని వణికే మనిషి, పందెపు ఎద్దు తోక వెంట్రుకలు తెంపి కవర్లో పెట్టి పరాయి ఊరికి పంపుతాడా? ఆ వెంట్రుక ఏ మంత్రగాడి చేతిలో పడుతుందో? ఈ ఆలోచన మా ఊళ్లో ఎవరికైనా వచ్చేది. నేను ఆ ఊళ్లోనే పెరిగాను. నాకూ రావాల్సింది. కాని అప్పటికే ఆంగ్లంలో రెండు పరిశోధన వ్యాసాలు రాసి ఉన్నాను.

హైదరాబాదు చేరాను. సీసాలూ కవర్లూ బస్సు పార్సిల్లో వచ్చాయి. పట్టీలు కబుర్లు పంపడం మొదలుపెట్టాయి. అన్నీ మోడల్‌కు పోసి, అది ఉడికేదాకా కాచుకుని కూర్చున్నాను. ఒకరోజు పొద్దున ఫలితం వచ్చింది. చిన్నోడికీ ఏడో నంబరుకూ పొత్తు నూటికి తొంభై ఎనిమిది. మిగతా ఎద్దుల్లో ఏదీ దరిదాపుల్లో లేదు.

విడివిడిగా చూశాను. వంశం అచ్చం ఒకటే. కడుపులో సూక్ష్మజీవులు అచ్చం అవే. ఒకదానిది మా నకరికల్లు మండలం మేత, ఇంకోదానిది మాచవరం మేత. అయినా అవే! నడక వేళలు కూడా అవే. ఒకరు లేచినప్పుడే ఇంకొకరు లేస్తున్నారు, ఒకరు ఆగినప్పుడే ఇంకొకరు ఆగుతున్నారు. మధ్యలో పొలాలూ ఊళ్లూ ఉండగా!

ఏడో నంబరులో కొన్ని విచిత్రాలు లేకపోలేదు. అడుగు మరీ తేలిగ్గా ఉంది. నాలుగు కాళ్ల జంతువు అడుగులా లేదు. మామూలు మనిషి ఎవరైనా ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. నేను పరిశోధకురాలిని కాబట్టి ఆగలేదు. 'మంచి శిక్షణ పొందిన పందెపు ఎద్దు, అడుగు తేలిక' అని రాసుకున్నాను. రోజూ ఉదయం ఒకే లయలో ఊగుతోంది. మోడల్ దాన్ని 'నెమరు' అంది. 'జీర్ణశక్తి బ్రహ్మాండం' అని రాసుకున్నాను. అప్పుడప్పుడు ఉన్నట్టుండి ఒక్క ఉదుటున దూకి, కాసేపు పరుగెత్తి, వెనక్కి వస్తోంది. 'చురుకు' అని రాసుకున్నాను. ఇన్ని సుగుణాలున్న ఎద్దును నేను ఎన్నడూ చూడలేదు. నిజమే, చూడలేదు.

మా గైడు మేడమ్‌కు పెద్ద ఉత్తరం రాశాను. చిన్నప్పుడే విడిపోయిన కవల ఎద్దులను, వేర్వేరు రకాల జీవ సమాచారాన్ని కలిపి చూడడం ద్వారా కనిపెట్టానని. తర్వాత పిన్నికి ఫోన్ చేశాను.

"పిన్నీ, దొరికింది!"

"దొరికిందా? ఎవరిదే?"

"ఏడో నంబరు. వీరయ్య మామది."

అవతల చెంబు కిందపడ్డ చప్పుడైంది.

"ఏ నంబరన్నావే?"

"ఏడు. వంశం ఒకటే, కడుపు ఒకటే, నడక ఒకటే. కవలలు పిన్నీ!"

"కవలలా," అంది పిన్ని. "అయితే, ఎద్దయితే వచ్చుద్ది గదా? సాంబడు బేరగాణ్ణి పిలవడు గదా?"

"పిలవడు."

"అట్టయితే కవలలేలేవే," అంది.

ఆనందంలో ఏం మాట్లాడుతోందో తనకే తెలియడం లేదనుకున్నాను.

వీరయ్య మామ కూడా ఒప్పుకున్నాడు. జత కుదిరితే రెండూ ఒకే కాడి కింద పరుగెత్తుతాయి, మైకులో ఇద్దరి ఇంటి పేర్లూ కలిపి చెబుతారు. మా వైపు అలాంటి ఉమ్మడి జతలు మామూలే. "బావ పేరు పక్కన నా పేరు. ఇద్దరం ఒక పక్కన నిలబడటం ఇదే మొదలు," అన్నాడు నేను ఫోన్ చేస్తే.

ఉగాదికి వారం ముందు ఎద్దును సాంబ లారీలో తెచ్చాం. లారీని కడిగామనే సాంబ అన్నాడు. అయినా ఎద్దుతో పాటు వీరయ్య మామ కూడా తలదగ్గర నుంచి కాలిదాకా తెల్లగా దిగాడు. వీధంతా వచ్చింది. పిన్ని హారతిచ్చి రెండు ఎద్దులకూ బొట్టు పెట్టింది. నా వైపు మాత్రం చూడడం లేదు. నేను గమనించాను. భావోద్వేగం అని మనసులో రాసుకున్నాను.

ఆ తర్వాత చిన్న ఉపన్యాసం ఇచ్చాను. "వీళ్లిద్దరూ అన్నదమ్ములు. పుట్టగానే విడిపోయారు. ఇన్నాళ్లకు కలుస్తున్నారు."

అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. చిన్నోడు ముక్కుతో బుసకొట్టాడు. రెండోది కాలు దువ్వింది.

"గుర్తుపడుతున్నారు," అన్నాను.

బాబాయి కాడి బయటికి తెచ్చారు. కాడికి ఎడమ పక్క కట్టేదాన్ని దాపటెద్దు అంటారు, కుడి పక్క కట్టేదాన్ని ఎలపటెద్దు అంటారు. ఒకసారి ఒక పక్కకు అలవాటైన ఎద్దు చచ్చినా రెండో పక్కకు రాదు. చిన్నోడు తనంతట తానే వెళ్లి ఎడమ పక్క నిలబడ్డాడు. ఇన్నాళ్లకు కాడిని చూసినందుకు చెవులు నిక్కబొడుచుకున్నాడు. వీరయ్య మామ ఎద్దు కూడా తనంతట తానే నడిచి వచ్చింది. వచ్చి, చిన్నోడిని పక్కకు నెట్టి, ఎడమ పక్క నిలబడింది.

"ఒరేయ్ సాంబా, మాది దాపట," అన్నాడు వీరయ్య మామ.

"మాదీ దాపటే గదా మామా!"

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"అక్కా, నీ మిషను ఇది అడగలేదా?"

"వెంట్రుకలో దానికి గుర్తేమీ ఉండదు," అన్నాను.

"నోటితో అడిగితే నేనే చెప్పేవాణ్ణి గదమ్మా," అన్నాడు వీరయ్య మామ, నొచ్చుకున్నట్టుగా.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ రాయాల్సిన అవసరం ఉండేది కాదు. కాని తొంభై ఎనిమిది మీద నాకు నమ్మకం. "ఒకసారి కట్టి చూద్దాం. రక్తసంబంధం కదా, సర్దుకుంటాయి," అన్నాను. నలుగురు పట్టుకుని వీరయ్య మామ ఎద్దును కుడి పక్క కట్టారు. అది ఎడమకు నెట్టింది. చిన్నోడు కదల్లేదు. అది మళ్లీ నెట్టింది. కాడి మొత్తం ఎడమకు తిరిగింది, దానితో పాటు ఎద్దులూ తిరిగాయి. గానుగ తిప్పినట్టు వీధి మధ్యలో రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టు పూర్తిచేయకుండా తిన్నగా మా కల్లంలోకి దూసుకుపోయాయి.

ఎండలో గలగలలాడుతున్న మిరపకాయల మీద రెండు ఒంగోలు ఎద్దులు పరుగెత్తితే ఏమవుతుందో మీకు తెలియకపోతే మీరు అదృష్టవంతులు. కారం ఎర్రటి మేఘంలా లేచింది. తర్వాత జరిగిన సంభాషణ మొత్తం ముక్కలుగానే వినిపించింది.

"ఒరేయ్ సాం... హచ్! సాంబా, ముకుతాడు ప..."

"ఎవరిది మా... మామా, హచ్! నీదా మాదా?"

"ఏమే కోటమ్మా, నీ కాయలు పోయె... హచ్! పోయెనే!" ఇది పిన్నితో ఎదురింటి అత్త.

"అన్నదమ్ము... హచ్! అన్నదమ్ములంట!" ఇది ఎవరో తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

చివరికి కాడిని మెడకు బిగించే పట్టెడ తాళ్లు తెగాయి. వీరయ్య మామ ఎద్దు మురుగు కాలవలో దిగి నిలబడింది. చిన్నోడు తల విదిలించుకుంటూ కల్లం మధ్యలో నిలబడి అరిచాడు. అప్పటిదాకా పక్కన నిలబడ్డ పిన్ని పైటకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కల్లంలోకి నడిచింది. ముకుతాడు పట్టుకోలేదు, పిలవలేదు. వాడి పక్కగా వెళ్లి ఇంటివైపు తిరిగింది. వాడు ఆమె వెంట నడిచాడు. ఆమె ఆగితే ఆగాడు. కొట్టందాకా అలాగే వెళ్లారు. సాంబ తుమ్మడం ఆపి చూశాడు.

సరిగ్గా అప్పుడు నా ఫోన్ మోగింది. గైడు మేడమ్ జవాబు. "పద్మా, ఇవి కవలలు కావు. కవలలకు కూడా కడుపులో సూక్ష్మజీవులు ఇంత అచ్చంగా కలవవు. ఒకే జంతువు రెండు నంబర్లతో వచ్చింది. నమూనాలు ఎవరు తీశారు?"

కళ్లు మండుతూ రెండుసార్లు చదివాను. తర్వాత వీరయ్య మామ దగ్గరికి వెళ్లాను. ఆయన మురుగు కాలవ గట్టు మీద నిలబడి ఎద్దును బతిమాలుతున్నాడు.

"మామా, తోక వెంట్రుకలు మీరే తీశారా?"

"ఏ తోకమ్మా?"

"మీ ఎద్దు తోక."

"మా ఎద్దు తోక వెంట్రుక నేను పరాయి ఊరు పంపిస్తానా తల్లీ? నువ్వే చెప్పు."

"మరి పట్టీ?"

"ఆ సంచీ నువ్వు పోయిన మర్నాడే మా చెల్లెమ్మకు, అదే మీ పిన్నికి, ఇచ్చేసి పోయా. పిల్ల ముచ్చటపడతంది, కాదని మొహాన చెప్పలేను, నువ్వే ఏదోటి చెప్పమ్మా అన్నా."

"అయితే మీ ఎద్దే సరిజోడని నేను ఫోన్ చేసినప్పుడు ఎందుకు ఊరుకున్నారు?"

"మిషను గదమ్మా! కట్టకుండానే కనిపెట్టిందనుకున్నా. ఇదిగో నా ఫోను చూడు. మిరపకు నల్లి పట్టిందని నేను మనసులో అనుకుంటే చాలు, నల్లి మందు చూపిచ్చుద్ది. ఆ మాత్రం ఎద్దు సంగతి తెలియదా అనుకున్నా."

నేను ఆ ఫోన్ ఆయనకు తిరిగిచ్చేశాను.

అందరం కొట్టం దగ్గరికి వెళ్లాం. పిన్ని చిన్నోడి మూతిని తడిగుడ్డతో తుడుస్తోంది. మా వైపు తిరగలేదు.

"పిన్నీ, ఏడో నంబరు సీసాలో..."

"చిన్నోడి పేడే."

"వెంట్రుకలు?"

"వాడివే. ఇంకెవరివి తెచ్చేది? నీకు పోయేయి గదా, పరాయివాళ్లకా ఏంది?"

"ఎందుకు పిన్నీ?"

గుడ్డ పిండి, దండెం మీద వేసింది. "ఏం చేసేది మరి? మీ బాబాయి పోయినకాడి నుంచి నీ మొహాన నవ్వు లేదు. ఆ సంచీలు తగిలిచ్చుకోని ఊళ్లెంట తిరిగినప్పుడే మళ్లీ మనిషిలాగ కనపడితివి. వీరయ్యన్న ఇయ్యనన్నాడే అని చెబితే నీ మొహం ఎట్టుంటదో నాకు తెలుసు. ఒక్క సీసానే గదా అనుకున్నా. అదేమో మొదటి మార్కు తెచ్చుకుంటదని నాకేం తెలుసు?"

"మరి పట్టీ? అది కదిలింది. ఎవరికి కట్టావు?"

పిన్ని చేయి తనకు తెలియకుండానే నడుము దగ్గరికి వెళ్లింది. అక్కడ, చీర కుచ్చిళ్ల పక్కన, రొంటిన దోపుకున్న పట్టీ ఇంకా ఉంది.

"కదలకపోతే నీకు తెలిసిపోయిద్దంటివి గదే," అంది.

వీధి చివర ఒకరు తుమ్మారు. ముందుగా సాంబకు అర్థమైంది.

"అక్కా, అయితే ఇన్నాళ్లూ హైదరాబాదులో కూసోని నువ్వు చూసిన ఎద్దు... మా అమ్మా?"

ఆ నవ్వు మా వీధిలో మొదలై బస్టాండు దాకా వెళ్లింది. నేను ల్యాప్‌టాప్ తెరవక తప్పలేదు. తెరవకపోతే ఇంట్లోకి రానిచ్చేలా లేరు. ఏడో నంబరు జీవిత చరిత్ర అరుగు మీద బహిరంగంగా చదివాను.

"రోజూ పొద్దున ఈ నెమరు ఏంది?" అన్నాడు సాంబ.

"మజ్జిగ చిలకతన్నానే!" అంది పిన్ని.

"ఈ దూకుడు?"

"కోతులు. కల్లంలోకి వస్తే కర్ర తీసుకోని తరమనా?"

"సాయంత్రం ఒకచోటే కూర్చుని అప్పుడప్పుడు ఊగిందే, చానాసేపు?"

"అది నాతో కబుర్లు," అంది ఎదురింటి అత్త. "మా కబుర్లు కూడా లెక్కేశారా?"

"జీర్ణశక్తి బ్రహ్మాండం అని రాసింది అక్క!" అని సాంబ నా రాతలు చదివాడు. పిన్ని పైట నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. బాబాయి పోయాక ఆమె అలా నవ్వడం నేను చూడలేదు.

చదువుతూ చదువుతూ సాంబ ఒకచోట ఆగాడు. తెర మీద రెండు గీతలు. ఒకటి చిన్నోడిది, ఇంకోటి ఏడో నంబరుది. రోజూ తెల్లవారుజామున రెండూ కలిసి బయలుదేరుతున్నాయి, సాగరు కాలవ దాకా పట్టేంతసేపు నడుస్తున్నాయి, ఆగుతున్నాయి, మళ్లీ అంతసేపు నడుస్తున్నాయి. ఏ రోజు చూసినా అంతే.

"నువ్వు కాలవదాకా నడుస్తన్నావా? నీకు మోకాళ్ల నొప్పులు గదమ్మా!"

"నొప్పులేరా. ఇంట్లో ఉంటే నొప్పులే."

"మరి రోజూ మధ్యలో ఇద్దరూ ఆగారేంది? ఇంతసేపు?"

"తూము కాడ. మీ నాయన ఆడ కూసోని బీడీ తాగేవాడు గదా. వాడు ఆడికి పోతే ఆగుతాడు. లాగినా కదలడు. వాడు కదిలేదాకా నేనూ కూసుంటా." పిన్ని కొట్టం వైపు చూసి అంది, "ఆడయితే కాస్త గడ్డి తింటాడు."

సాంబ ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"కారం," అన్నాడు.

ఆ రోజు వీధిలో అందరి కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. ఎవరివి కారంతో, ఎవరివి కాదు అన్నది తేల్చడం ఏ మోడల్ వల్లా కాదు. నాకూ నీళ్లు వచ్చాయి. చాలాసేపు వచ్చాయి. ఎవరూ ఏమీ అడగలేదు. మిరప మంచి పంట.

కాసేపటికి సాంబ లేచి జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఎవరికిరా?" అంది పిన్ని.

"బేరగాడికి. ఉగాదికి రమ్మని ముందే చెప్పి పెట్టా, రావద్దని చెప్తా."

"ఏమని చెప్తావ్?"

"ఎద్దుకు జత దొరికింది, మా అమ్మేనని చెప్తా. జతను విడగొట్టి అమ్మేదెట్ట?"

వీరయ్య మామ తన ఎద్దును ఎట్టకేలకు కాలవలోంచి బయటికి తెచ్చి, దానికి దిష్టి తీయించుకుని, పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఒరేయ్ సాంబా, లోకంలో ఒంటెద్దు బండి అని ఒకటుంటది, ఎరుగుదువా?"

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇంట్లో ముగ్గురం, అందులో ఒకరు పరిశోధకురాలు. ఎవరికీ తట్టలేదు. చెప్పిన ఆయనకు కూడా అంతా అయ్యాకే తట్టింది. ఉగాది తర్వాత సాంబ పిడుగురాళ్లలో ఒంటెద్దు బండి చేయించాడు. దానికి దాపటా లేదు, ఎలపటా లేదు. చిన్నోడు ఇప్పుడు గడ్డి మోస్తాడు, పిన్నిని మోస్తాడు. తూము దగ్గర మాత్రం బండితో సహా ఆగుతాడు.

మా పరిశోధనశాలలో నమూనాల సంగతి మొత్తం విన్న గైడు మేడమ్ ఒక్క మాటే అంది. "ఏడో నంబరును తీసెయ్." తీసేశాను. ఆ సంగతి పిన్నికి చెప్పడం నేను చేసిన రెండో తప్పు.

"అన్ని ఎద్దుల్లోకీ మంచి మార్కులు నాకే వచ్చినయ్యంటివి. నన్నే తీసేస్తావా?" అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి నా సిద్ధాంత గ్రంథం మొదటి పేజీలో, కృతజ్ఞతల కింద, 'ఏడో నంబరుకు' అని వేయించాను. పరీక్షకు వచ్చిన పెద్దలు ఎవరా ఏడో నంబరు అని అడిగితే, ఒక మంచి ఎద్దు అని చెప్పాను.

కాబట్టి మా వీధి వాళ్ల సమక్షంలో, చిన్నోడి వీపు మీద చేయి వేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. పేడ అబద్ధం చెప్పదు, నిజమే. ఎవరి పేడో కూడా చెప్పదు. ఇక మీదట నా చేత్తో నేను ఎత్తని పేడను నమ్మను. నోటితో అడగగలిగినదాన్ని వెంట్రుకలో వెతకను. తల ఊపినవాళ్లు ఒప్పుకున్నారనుకోను. ఏ ప్రాణికీ జోడు చూడను. సాంబకు ఒక సంబంధం మిషన్లో చూడమని పిన్ని మొన్న అడిగితే, చేతులెత్తి దండం పెట్టాను.

ఇది రాసేటప్పుడు అరుగు మీద కూర్చుని ఉన్నాను. కొట్టంలో చిన్నోడు నెమరు వేస్తున్నాడు. వసారాలో పిన్ని మజ్జిగ చిలుకుతోంది. రెండు చప్పుళ్లూ ఒకే లయలో ఉన్నాయి. నేనేమీ రాసుకోవడం లేదు.